గడప కాడ లేచిన ఉసుళ్లు

జూన్ 4, బుధవారం

నిన్న సాయంత్రం తొలి వాన. పావుగంటే. అయినా ఎర్రగుంట్ల ఊరి మీది సిమెంటు దుమ్మంతా కడుక్కుపోయింది. వీధి చివరి వేపచెట్టు పచ్చగా ఉంటుందని ఇన్నాళ్లకు గుర్తొచ్చింది.

దీపాలు పెట్టే వేళకు ఉసుళ్లు. ట్యూబ్‌లైట్ చుట్టూ ఒకటే రెక్కలు. అత్త లైటు కింద నీళ్ల బేసిన్ పెట్టుకుని కూర్చుంది, చిన్నపిల్ల మాదిరి. రెండు దోసిళ్లు దొరికాయి. రెక్కలు చెరిగి, పెనం మీద వేయించి, ఉప్పూకారం, బొరుగులు... నేనూ బాగానే లాగించాను.

"బయట్నుంచి కాదు, మన గడప కాడ్నుంచే లేచినాయి సూడు సుగుణా. లక్షణమైన ఇల్లు. ఈ యేడు వానలు శానా పడ్తాయి."

ఆయనకు ఒక గిన్నెలో దాచాం. ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు.

జూన్ 5, గురువారం

రెక్కలు. ఊడ్చిన చోటే మళ్లీ రెక్కలు. మంచం కింద, పూజ గూట్లో, కాఫీపొడి డబ్బా మూత మీద కూడా. గడప దగ్గరైతే చేటెడు.

జూన్ 6, శుక్రవారం

గడప కడిగాను. బిందెడు నీళ్లు, పసుపు, కుంకుమ బొట్లు. వాకిలి దారబందం మీద ఎడమ వైపు ఒక మట్టి చార — వేలి వెడల్పున, కింద నుంచి పైకి పాకింది. వాన చిందిందేమో. తుడిచేశాను.

జూన్ 7, శనివారం

చార మళ్లీ వచ్చింది. అదే చోట, అదే వెడల్పు. మొండిది. మళ్లీ తుడిచాను. ఎవరు ముందు అలిసిపోతారో చూద్దాం.

జూన్ 8, ఆదివారం

నేనే ఓడిపోయాను.

కిటికీ గడియ బిగించడానికి మస్తాన్ వచ్చాడు. రెండిళ్ల అవతలి వడ్రంగి. చెప్పులు విప్పుతూ చారను చూశాడు, గోటితో గీరాడు. పొడి మట్టి రాలింది, లోపల తెల్లగా పురుగులు — వెలుతురు తగలగానే ఒకదాని మీద ఒకటి పడి పరుగు.

"చెదులు, వదినా."

అత్త ఒప్పుకోదు. "చెదులు యాడివప్పా? మొన్న ఉసుళ్లు లేచినాయి, అంతే."

"ఉసుళ్లు వేరు చెదులు వేరు కాదు పెద్దమ్మా. రెక్కలొస్తే ఉసుళ్లు. లేకుంటే చెదులు. ఇంట్లోనుంచి లేచినాయంటే లోపల సంసారం ఉండాదని లెక్క."

అత్త నా వైపు చూసింది.

"అయితే మనం తినింది..."

"అవే."

"సరేలే. మన ఇల్లు అవి తినినాయి, మనం వాటిని తినినాం. సరిపాయె."

నవ్వలేక చచ్చాను. మస్తాన్ అయితే నేల మీద కూర్చుండిపోయాడు.

అత్త టీ పెట్టడానికి లోపలికి పోయాక మస్తాన్ స్క్రూడ్రైవర్ పిడితో దారబందం తట్టుకుంటూ పోయాడు. కుడి పక్క గట్టిగా పలికింది. ఎడమ పక్క డొల్ల. రంగు అక్కడక్కడ పొక్కి ఉంది, నేను ఎండకు అనుకున్నా. మొనతో నొక్కితే అప్పచ్చిలో దిగినట్టు దిగబడింది. పైన రంగు, లోపల మట్టి. ఇన్ని గుర్తులు కళ్లెదురుగా... రోజూ బొట్లు పెట్టేదాన్ని నేనే.

"తడి యాడుంటే ఆడికి వస్తాయి వదినా. శుక్రవారం శుక్రవారం బిందెడు పోస్తాండావు గదా. ఈ ఎండల్లో వాటికి నీళ్లు పెట్టి సాకినావు నువ్వు."

ఇది ఆయనకు చెప్పొద్దన్నాను. మస్తాన్ తల ఊపాడు. పోతూ పోతూ ఆగి, మెల్లగా — "ఇది టేకు అని ఎవురు చెప్పినారు వదినా?"

"మీ అన్నే."

"టేకు చెదులకు ఇట్ల లొంగదే..." అని గొణిగాడు. తల గోక్కుంటూ పోయాడు.

జూన్ 9, సోమవారం

ఇంటికి ఎవరొచ్చినా ముందు వాకిలి చూపిస్తాడు ఆయన. నల్లమల టేకు, మా మనవలు కూడా ఈ గడపే దాటాల అని. పదకొండేళ్ల కింద ఇల్లు కట్టేటప్పుడు నా గాజులు రెండు ఇచ్చాను — మిగతావి ఎట్లున్నా వాకిలి మాత్రం టేకుదే పెట్టాలని. గాజులు పోయినందుకు బాధ లేదు. నాతో అబద్ధం ఆడాడా అన్నదే.

పొద్దున చెప్పాను. చెదలని, టేకు కాదంట అని. చారులో అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"కలప మిల్లోడు మోసం చేసినాడు."

శానా తొందరగా వచ్చింది ఆ మాట. (ఈ మనిషితో ఉండి ఉండి నాకూ 'శానా' రాతలోకి వచ్చేస్తోంది.)

"ఏ మిల్లు?"

"అది ఇప్పుడు లేదులే."

జూన్ 10, మంగళవారం

చెదల మందు వాళ్లు వచ్చి, గోడ వెంబడి జానెడుకొక రంధ్రం వేసి మందు పోశారు. బండల సందుల్లో కూడా. ఇల్లంతా కంపు. అత్త మూటాముల్లే సర్దుకుని మస్తాన్ వాళ్లింటికి పోయి, బిర్యానీ తిని, సాయంత్రానికి వచ్చింది. రేపు కూడా మందు పోస్తారా అని అడుగుతోంది.

జూన్ 11

దారబందం మొత్తం మార్చాల్సిందేనట. ఆషాఢం రాకముందే కొత్తది నిలబెట్టాలని అత్త. ఆయన ఈ వారం వచ్చినవాళ్లకు వాకిలి చూపించలేదు. అది చూస్తే కోపం, జాలి రెండూ.

జూన్ 13, శుక్రవారం

నీళ్లు పోయలేదు. గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడిచి పసుపు రాశాను. అత్త చూసింది... "దేవునికి ఆ మాత్రం చాలులే" అంది. ఆమెకు మస్తాన్ చెప్పేశాడన్నమాట. బిర్యానీ పెట్టినవాడు ఊరికే ఉంటాడా.

జూన్ 15, ఆదివారం

ఆయనకు సెలవు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"పొద్దుటూరు పోదాం రా. కలప నువ్వే సూసుకో ఈసారి."

"టేకేదో వేపేదో నాకేం తెలుసు?"

"నాకు మాత్రం..." అని ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. గబగబా బండి దగ్గరికి పోయాడు.

వారం నుంచి అబద్ధమా, నిజమా అనే తన్నుకున్నాను. ఆ రోజు మిల్లులో ఈ మనిషికి అసలు టేకు ఏదో తెలియదేమో, అడగడానికి సిగ్గుపడి వాళ్లు చూపించింది తెచ్చాడేమో అని ఒక్కసారీ తోచలేదు. అదే అయితే ఎంత బాగుండు. కాకపోతే...

హారన్ కొడుతున్నాడు. నా బిందె నీళ్ల సంగతీ చెప్పాల్సిందే ఇక. పొద్దుటూరికి అరగంట దారి — ముందు ఎవరు నోరు విప్పుతారో.