ఇరవై ఏడో పేజీ

తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నామని రాయాలి కాబట్టి రాశాను. అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గింది. నా సంగతి తర్వాత చెప్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబు. కళ్లజోడు పంపాను, ఈసారి విరగ్గొట్టకు. అప్పీలు కొట్టేశారని తెలిశాక కూడా, "హైకోర్టులో జడ్జీలు ఏమడిగారక్కా, నువ్వేం వాదించావు, అంతా రాయి, ఇక్కడ అందరికీ చదివి వినిపిస్తాను" అన్నావు. నా నోటికి జడిసి చుట్టాలు మనింటికి రావడం మానేశారని కూడా జైల్లో వాళ్లకి చెప్పావట. ఈ ఉత్తరం మాత్రం ఎవరికీ వినిపించకు.

నువ్వే తగలబెట్టావంటున్న గోదాములో మంటలు లేచింది ఆరు దాటాక. ఆ రోజు నువ్వు నాలుగింటికే వెళ్లిపోయావు. గేటు రిజిస్టరులో నీ పేరు పక్కన ఆరు అని ఉంది. కాపలా అతను డ్యూటీ దిగేముందు అందరి పేర్లూ ఒకేసారి రాసి, తను రాసిన వేళే వేస్తాడు. కింది కోర్టులో ఆ మాట తనే ఒప్పుకున్నాడు. నేను రాసిచ్చిన వాదనలో అది ఇరవై ఏడో పేజీలో ఉంది.

హైకోర్టులో వాదన రోజు పెద్ద జడ్జిగారు, "మీరిచ్చింది చదివామమ్మా, చాలా బాగా రాశారు. ఇంకా చెప్పేదేమైనా ఉందా?" అన్నారు. బెంచి మెచ్చుకుంటే కూర్చోవాలని మా సీనియరుగారు నేర్పారు. మాట పెంచితే చేతికొచ్చింది జారిపోతుందని ఆయన భయం. అప్పుడే రెండో జడ్జిగారు రిజిస్టరు నకలు మీద వేలు పెట్టి, నొసలు ముడిచి నా వైపు చూశారు. నేను చూశానురా. ఆయనకి ఏదో అర్థం కాలేదని తెలిసింది కూడా. "ఇంకేమీ లేదండి" అని కూర్చున్నాను. గెలిచేశామనుకున్నాను. ఆ మెప్పుకి పొంగిపోయాను.

తీర్పులో ఉన్నది ఒకటే కారణం, ఆరింటిదాకా నువ్వు గోదాములోనే ఉన్నావని. నేను రాసిచ్చిన కాగితం జడ్జి మొహం చూడలేదు. నేను చూడగలనని కదా నన్నక్కడ నిలబెట్టింది. అర నిమిషం మాట్లాడితే సరిపోయేది. నీకు పడ్డ ఏడేళ్లూ ఖాయమైపోయాయి.

"బాగా మాట్లాడావా?" అని అమ్మ అడిగింది. బాగానే మాట్లాడానన్నాను. అప్పట్నుంచీ తనతో కలిసి అన్నానికి కూర్చోలేకపోతున్నాను.

పై కోర్టుకి కొత్త వకాల్తా దీంతో పంపుతున్నాను. అందులో నా పేరు లేదు. సీనియరుగారికి తెలిసినావిడ వాదిస్తారు, అడక్కపోయినా మాట్లాడే మనిషి. సంతకం పెట్టి పంపు. నన్ను తిట్టాలనుంటే తిట్టు, ఉత్తరాలు మాత్రం మానకు. కాగితాలు అందిస్తూ తన పక్కన కూర్చోమన్నారావిడ. నేను ఒప్పుకోలేదు. కోటు వేసుకోకుండా అమ్మతోపాటు వెనక బల్ల మీద కూర్చుంటాను.

ఇట్లు,
నీ తరఫున నోరు విప్పని
మీ అక్క