తిమింగలం వీపు మీది పిల్ల

హెడ్‌మాస్టర్ గారికి,

ఎనిమిదో తరగతి నీలవేణి తండ్రి రాయునది. నేను బడికి వెళ్ళలేదు. పడవల మీది పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

తిమింగలం వీపెక్కి సముద్రం దాటే పిల్ల కథ ఉన్న నవలను మా అమ్మాయి దగ్గర్నుంచి మీరు లాక్కున్నారట. "అబద్ధాలు చదివితే పాడైపోతావు" అన్నారట. కొండను మోసిన తాబేలుకు దండం పెట్టించడానికి పోయిన నెల పిల్లల్ని శ్రీకూర్మం తీసుకెళ్ళింది మీరే కదా! వలలో తాబేలు పడితే దండం పెట్టి వదిలేసేవాళ్ళం మేము. అది అబద్ధమని ఎన్నడూ అనలేదు. మరి తిమింగలం ఏం పాపం చేసింది?

రోజూ సాయంత్రం మేము వలలు బాగుచేసుకునే చోట నీలవేణి ఆ నవల పైకి చదివేది. తుఫానులో తిమింగలం మునిగి, పిల్ల నీళ్ళలో పడ్డచోట కథ ఆగిపోయింది.

మా అన్న నూకయ్య కొడుకు సముద్రం మీద చేపల వేటకెళ్ళి ఏడాదైంది. తిరిగి రాలేదు. అప్పటినుంచి అన్న ఎవరితోనూ మాట్లాడడు. నిన్న వల కుడుతూ నన్ను అడిగాడు: "ఒరే, ఆ పిల్ల ఒడ్డుకొచ్చిందేటి?"

నాకు తెలీదన్నాను.

పుస్తకం ఇచ్చేయండి. ఇవ్వనంటే మీరే మా రేవుకొచ్చి ఆయనకు జవాబు చెప్పండి.

ఇట్లు,
నీలవేణి తండ్రి