మా ఇంట్లో తుప్పు

నవంబర్ 4
ఇవాళ నా బొమ్మ రైలు బోగీకి తుప్పు పట్టింది... ఎట్టకేలకు.
ముదురు గోధుమ రంగు మీద హెయిర్ స్ప్రే. ఆరకముందే రాళ్ల ఉప్పు నలిపి చల్లి, పైన నీలం. ఆరాక తడి బ్రష్‌తో ఉప్పు కడిగేస్తే — పలుకు ఉన్న ప్రతిచోటా పెచ్చు ఊడి కింది గోధుమ. ఇక్కడి నారోగేజ్ చిన్న రైలు అచ్చం ఇలాగే ఉండేది. నర్సుగా మొదటి ఉద్యోగానికి అభన్‌పూర్ వెళ్లినన్నాళ్లూ దాని కిటికీ ఊచల తుప్పు నా యూనిఫాం చేతులకే. ఆ బండి ఆగిపోయింది. ఇది అరచేతిలో పడుతుంది.

నవంబర్ 5
కూరలో ఉప్పు లేదు. రైలుకే పోసేశావా అని ఈయన. అవును.

నవంబర్ 8
ఈయన ఉద్యోగం ఇనుముకు తుప్పు పట్టకుండా ప్రైమరు అమ్మడం. పెళ్లాం సరదా తుప్పు పట్టించడం. చర్చిలో అందరికీ ఈయనే చెప్పి నవ్విస్తారు. ఇవాళ ఇంట్లో తనే నవ్వలేదు. శనివారం బాస్ దుబే గారు భోజనానికి వస్తున్నారట. ఎవరూ కోరుకోని జగ్దల్‌పూర్ బదిలీ ఈయనకా, ఇంకొకరికా — ఆయన చేతిలో ఉంది. నా ఆసుపత్రేమో ఇక్కడ.
“బోగీ ఎక్కడైనా దాచు రూతూ. చూస్తే బాగోదు.”
ఫ్రిజ్ మీద, రొట్టెల బుట్ట బోర్లించి పెట్టాను.

నవంబర్ 12
దుబే గారికి రొట్టెలు చాలలేదు. నేను పొయ్యి దగ్గర. పాపం మొహమాటం లేని మనిషి, లేచి వచ్చి బుట్ట తనే ఎత్తారు.
బోగీని గోటితో గీకారు. వేలు వాసన చూశారు. “అసలీ జంగ్ హై క్యా, సిస్టర్‌జీ?” తుప్పు కాదు, రంగేనన్నాను. మళ్లీ వాసన చూశారు. ఇంతకన్నా సన్మానం నాకు అక్కర్లేదు.
అంతలో — బోగీ తనకు డీలర్ల మీటింగుకు కావాలట. సగం ఇలాగే ఉంచి, సగానికి మన ప్రైమరు కొట్టి చూపిస్తే అదిరిపోతుందట. నేను నోరు తెరిచేలోపు ఈయన తల ఊపేశారు.

నవంబర్ 13
మాటల్లేవు. చర్చిలో మాత్రం ఒకే పాటల పుస్తకం.

నవంబర్ 14
ఈయనే దిగి వచ్చారు. “నీ బండి జోలికి రానులే. నేనే ఒకటి చేస్తా, అసలు తుప్పుతో. దుబే సాబ్‌కి చెప్పేశా.”
ఇనప రేకు ముక్క. సగానికి ప్రైమరు రెండు కోటింగులు, సగం ఖాళీ. డాబా మీద పెట్టి పొద్దున్నా సాయంత్రం ఉప్పునీళ్లు. మళ్లీ ఉప్పు నిండుకుంది. ఈసారి నేను కాదు.

నవంబర్ 18
డాబా మీంచి ఈయన ఎంతకీ దిగరు. టీ పట్టుకుని వెళ్లాను. రేకు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.
రెండు సగాలూ ఎర్రగానే ఉన్నాయి. ప్రైమరు వేసినవైపే ఇంకాస్త అందంగా — పొక్కులు లేచి, పగిలి, పగుళ్లలోంచి సన్నటి చారలు కిందికి జారి... నా బోగీలో లోపం ఇదీ. చారలు లేవు. ఫోన్ తీసి ఫొటోలు తీసుకున్నాను.
“ఇప్పుడా, రూతూ?” అన్నారు.
మీటింగు రేపే. పక్కన కూర్చున్నాను. ఇంకేం చేయాలో తోచలేదు.

నవంబర్ 19
పొద్దున్నే ఇస్త్రీ చొక్కాలో వచ్చి, రేకును నా రంగుల బల్ల మీద పెట్టారు. ప్రైమరు వేసిన సగాన్ని కొత్తదానిలా చేసిమ్మంటున్నారు. నేను వేస్తే ఎవరికీ తెలియదట.
నిజమే, తెలియదు. గీకి వాసన చూసినా.
పొక్కులు గీకి నున్నగా చేశాను. బూడిద రంగు మూత తీశాను. బ్రష్ ముంచాక అడిగాను — వేసేయమంటారా?
కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. కింద దుబే గారి కారు హారన్.
“జగ్దల్‌పూర్‌లో కూడా ఆసుపత్రులుంటాయి కదా?” అన్నారు.
మళ్లీ హారన్. బ్రష్ కొసన రంగు ఆరిపోతోంది...