నొప్పి లేని జబ్బు

వెరావల్, గుజరాత్ నుంచి

అన్నయ్యకు తమ్ముడు కామయ్య దండాలు.

అమ్మ ఎలా ఉంది? వదిన, పిల్లలు ఎలా ఉన్నారు? పెరట్లో కొబ్బరికి ఈసారి కాయ నిలిచిందా? ఇదంతా అడిగాక ఎప్పుడూ "ఇక్కడ నేను క్షేమం" అని రాసేవాణ్ణి. ఈసారి ఆ మాట దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. రాస్తే అబద్ధమేమో, రాయకపోతే నువ్వు కంగారు పడతావేమో అని. ఫోన్ చేద్దామంటే మన ఊరి బూత్‌లో నీ చెవిన పడేలోపు పదిమంది వింటారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇది నువ్వొక్కడివే చదువు. నీ మరదలికి ఇంకా చెప్పలేదు, నేనే చెబుతాను.

జరిగింది మొదటి నుంచి రాస్తాను. మా బోటులో తాతారావని కంచిలి వైపు మనిషి ఉన్నాడు. బావా అంటే బావా అనుకుంటాం. వేట మీద ఉండగా అతనికి చలిజ్వరం పట్టుకుంది. మూడు రగ్గులు కప్పినా పళ్ళు టకటకలాడేవి. తాగిన గంజి కూడా నిలిచేది కాదు. ఒడ్డుకి రాగానే నేనూ, బోటు నడిపే తండేలూ అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తం తీయబోతే సూదిని చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అతనికి ధైర్యం వస్తుందని నా చెయ్యి ముందు చాపాను. అంతే అన్నయ్యా, నాకేదో అనుమానం వచ్చి కాదు. మాది శ్రీకాకుళం అని వినగానే డాక్టరు కిడ్నీల పరీక్ష కూడా రాశాడు. ఆ వైపు మనుషులు ఇంతకుముందు కొందరు కిడ్నీ జబ్బుతో వచ్చారట.

మర్నాడు కాగితాలు వచ్చాయి. తాతారావుది మలేరియా, వారంలో లేస్తాడన్నారు. నా కాగితం చూసి డాక్టరు ఒకటొకటిగా అడిగాడు. కాళ్ళు వాస్తున్నాయా, ఆయాసం వస్తోందా, ఆకలి తగ్గిందా, ఒంటేలు సరిగా అవుతోందా. తండేలు తెలుగులో చెబుతుంటే నేను అన్నీ బాగానే ఉన్నాయన్నాను. అలా అంటున్న కొద్దీ నాకు ధైర్యం వచ్చింది గానీ ఆయన ముఖం మారలేదు. రెండు కిడ్నీలూ సగానికి పైగా పనిచేయడం మానేశాయట. రక్తంలో ఒక అంకె చూస్తారు. అది ఒకటి దగ్గర ఉండాలి. నాది మూడు దాటింది.

బయట బెంచీ మీద తాతారావు దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. సంగతి విని, "జరం నాది, జబ్బు నీదేటి బావా," అని నవ్వాడు. తర్వాత మేముండే బస చేరేదాకా నా వైపు చూడలేదు.

నా నోటుపుస్తకం సంగతి నీకు తెలుసు. ఎన్నిసార్లు వల వేశాం, ఐసు ఎంత మిగిలింది, ఎవరికి ఒంట్లో బాగోలేదు, రోజుకో వరుస రాస్తాను. ఆ మధ్యాహ్నం పాత పుస్తకాలన్నీ తిరగేశాను. నా పేరు పక్కన ఒకసారి జ్వరం, ఒకసారి చేతికి కొక్కెం గుచ్చుకోవడం, అంతే. మరి ఇది ఏ రోజు మొదలైంది? ఎంత వెతికినా ఆ రోజు దొరకలేదు. వేరేది దొరికింది. బోటులోని మందుల పెట్టెలోంచి ఎవరు ఏ బిళ్ళ తీసినా రాస్తాను కదా. వల లాగే ముందు టీతో ఒక నొప్పిబిళ్ళ, దాదాపు రోజూ నా పేరు మీద ఉంది. నొప్పి వచ్చాక వేసుకున్నది కాదు, రాకుండా ముందే వేసుకున్నది. పడవ తోసే ముందు నువ్వు వేసుకోవడం చూసి నేర్చుకున్నదే. పుస్తకం డాక్టరుకి చూపిస్తే, ఈ బిళ్ళలు వెంటనే మానాలి, అయితే ఇవే కారణమని చెప్పలేను, మీ వైపు ఈ జబ్బుకి కారణం నీళ్ళో మరొకటో ఇంకా ఎవరికీ తెలియదు అన్నాడు. అంత చదివినవాడికే తెలియదంటే నాకు ఇంకా భయం వేసింది.

నాన్న గుర్తొస్తున్నాడు. చివర్లో ఆయన ముఖం నిండుగా అయితే అమ్మ ఎంత మురిసిపోయింది. "ఇన్నాళ్ళకి మీ అయ్యకి ఒళ్ళొచ్చింది," అంటూ పెద్ద ముక్క ఆయన కంచంలోనే వేసేది. అది ఒళ్ళు కాదు, నీరు. రెండు నెలలు తిరక్కుండా పోయాడు. అంతవరకూ వేట మానలేదు. ఆయనకి జబ్బు చేసింది రెండు నెలలే అనుకున్నాం. ఎన్నేళ్ళు మోశాడో ఏమో.

నేను రోజూ లేవగానే కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి చూసుకుంటున్నాను. గుంట పడట్లేదు, అంటే నీరు చేరలేదు. వల లాగుతున్నాను, తింటున్నాను, ఉప్పు తగ్గించాను. "ఇంత పని సేత్తన్నోడివి రోగిష్టోడివేటి," అంటాడు తండేలు. ఒకప్పుడైతే ఆ మాటకి సంతోషించేవాణ్ణి. ఇప్పుడు ఏ నొప్పీ లేకుండా తెల్లారితే భయం వేస్తోంది. మూడు నెలలకోసారి పరీక్ష చేయించుకుని జాగ్రత్తగా ఉంటే చాలా ఏళ్ళు గడపొచ్చని కూడా డాక్టరు అన్నాడు. అదీ రాయాలి కదా.

ఇక ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెబుతాను. నిరుడు వేట నిషేధానికి బోట్లు ఆగి నేను ఇంటికొచ్చినప్పుడు మన బడిలో రక్తపరీక్షలు చేశారు. నువ్వు వెళ్ళలేదు. "నొప్పి లేన్ది జబ్బేటిరా. సూదెట్టి కెలికితే లేన్ది ఒత్తాది," అన్నావు. జబ్బుందని పేరు బయటపడితే పడవ మీదికి ఎవడూ ఎక్కించుకోడన్నావు. నేనూ నీతోపాటు నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. మనం ఒకే నూతి నీళ్ళు తాగాం, ఒకే బిళ్ళ మింగాం. నువ్వు నాకంటే ముందు మొదలుపెట్టావు.

ఉత్తరం అందిన వారంలో పలాస ఆసుపత్రికి వెళ్ళి ఈ పరీక్ష చేయించుకో. ఎవరైనా అడిగితే వలదారం కోసమని చెప్పు. నీకు ఒంట్లో బాగానే ఉందని తెలుసు. బాగుంది కాబట్టే వెళ్ళమంటున్నాను. ఆ బిళ్ళ ఇవాళే మానెయ్యి. నొప్పి వస్తే రానీ, ఓర్చుకుందాం.

అమ్మకీ వదినకీ నా దండాలు చెప్పు. పిల్లల్ని అడిగానని చెప్పు. గంగమ్మకి మనిద్దరి పేరునా కొబ్బరికాయ కొట్టించు.

దీంతో నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం ఒకటి పెట్టాను. రెండు గళ్ళు గీశాను. ఒకదాంట్లో నా పేరు, కింద నా అంకె. రెండోదాంట్లో నీ పేరు రాసి కింద ఖాళీ వదిలాను. నేను బడికి పోలేదు. ఇసుకలో వేలు పట్టి నాకు అక్షరాలూ అంకెలూ దిద్దించింది నువ్వే. ఇంకెవరితోనూ రాయించకు. నీ చేత్తోనే అంకె వేసి పంపు, ఎంతైనా సరే.

నీ దీవెన కోరే తమ్ముడు,
కామయ్య