ఆరు ఈనెలు

జూలై 15, సాయంత్రం

ముమ్మిడివరం దాటాక రొయ్యల చెరువుల పక్కన రమణమ్మ గారి అరెకరం. నేల ఉప్పెక్కిపోయింది. ఉప్పుకి తట్టుకునే కొత్త వరి అక్కడ బతుకుతుందా లేదా అన్నదే మా ప్రాజెక్ట్. నా పని రోజూ వెళ్లి, ఎర్రదారం కట్టిన మొక్క ఎంత పెరిగిందో కొలిచి షీట్‌లో రాయడం. ఎమ్మెస్సీ చదివి స్కేలు పట్టుకుని తిరుగుతున్నాను.

వేరు ఉప్పుని పసిగట్టి పక్కకి తిరుగుతుందని ఈమధ్య పరిశోధనల్లో తేలిందని చెబితే రమణమ్మ గారు తెగ ఆశ్చర్యపోయారు. తనకీ కొలవడం నేర్పమన్నారు. చూపించాను. స్కేలు మీద అంకెలు తెలియవన్నారు. నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

జూలై 21, ఉదయం

ఇవాళ్టితో ఆరు రోజులు, పొలానికి వెళ్లలేదు. మొదటి రోజు వాన. మర్నాడు బండారులంకలో పిన్ని చీరలు చూద్దాం రమ్మంది. ఆ తర్వాత కారణం ఏమీ లేదు, బద్ధకం.

షీట్ నింపేశాను. రోజుకో సెంటీమీటర్. అనుమానం రాకుండా ఒక రోజు మాత్రం అర. పెన్ను కూడా మార్చాను. ఛీ.

జూలై 21, సాయంత్రం

షీట్ చూసి మా ప్రాజెక్ట్ సార్ గుడ్ అన్నారు. రమణమ్మ గారికి ఫోన్ చేసి, మొక్క బాగా పెరిగింది, పొలమంతా అదే వేసుకోండి అన్నారు. విత్తనాల బస్తా కూడా పంపించేశారు.

జూలై 22

పొలానికి వెళ్లాను. మొక్క ఆకుల కొసలు ఎండిపోయి ఉన్నాయి.

రమణమ్మ గారు నన్నేమీ అడగలేదు. ఒంట్లో బాలేదేమో అనుకున్నారట. నా లెక్క పోకూడదని రోజూ మొక్క పక్కన కొబ్బరి ఈనె నిలబెట్టి, మొక్క ఎంతుంటే అంతకి తుంచి, చూరులో దాచారట. తెచ్చి నా చేతిలో పెట్టారు. పక్కపక్కన పెట్టి చూశాను. ఆరూ ఒకే పొడుగు. నా షీట్‌లో ఐదున్నర సెంటీమీటర్లు పెరిగింది. తల కొట్టేసినట్టయింది.

బయల్దేరుతుంటే అడిగారు.

"నారు పోసెయ్యమంటారా అండీ? మీరు కొలిచేరు కదా."

ఆయ్ అన్నాను. ఈ సార్వా పంట పోతే ఏడాదంతా ఆవిడ బియ్యం కొనుక్కోవాల్సిందే. అది తెలిసే అన్నాను.

జూలై 23

సార్ రూమ్ దాకా వెళ్లాను. లోపల ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నారు. వచ్చేశాను. వేరైనా ఉప్పు తగిలాకే తిరుగుతుంది. నేను తలుపు చూసే తిరిగేశాను.

జూలై 24

విత్తనాలు నానబోశారట.

జూలై 26, ఉదయం 7

నేను వెళ్లేసరికి రమణమ్మ గారు గోనెసంచి విప్పుతున్నారు. లోపల తెల్లటి మొలకలు. నారు పోయడానికి సిద్ధం.

వాకిట్లో నిలబడే చెప్పేశాను. ఆరు రోజులూ రాలేదని, అంకెలు ఇంట్లో కూర్చుని రాశానని, ఆ నేలలో పోయొద్దని. సిగ్గుతో ఆవిడ ముఖం చూడలేకపోయాను. తిడితే బాగుండునని అలాగే నిలబడ్డాను.

తిట్టలేదు. సంచి మూతి మళ్లీ కట్టారు. ముడి బిగిస్తూ అన్నారు.

"నేనే సరిగ్గా తుంచలేదేమో అనుకున్నానండీ. చదువుకున్నోళ్లు, మీరే పెరిగిందన్నాక."

జూలై 27

షీట్ పక్కన ఆరు ఈనెలూ సార్ టేబుల్ మీద పరిచాను. ఏది నిజమో చెప్పాను. సార్ స్కేలు అడిగారు. అక్కర్లేదండీ అన్నాను.