జెనిఫర్ ఫోల్డరు

గుడివాడ,
గురువారం

నాన్నకి, మీ మొండి కూతురి వందనాలు.

సార్‌కి క్షమాపణ చెప్పమని ఫోన్ పెట్టేశారు. అవనిగడ్డలో కూర్చుని సగం మాటే విన్నారు, మిగతా సగం చదవండి.

నేను అసిస్టెంటుగా చేసే కాలేజీ ల్యాబ్‌లో అణువుల బొమ్మలు చూపించే సాఫ్ట్‌వేర్ ఉంది. అది తెరవాలంటే పిల్లలు నల్ల తెర మీద ఆరు లైన్లు టైపు చెయ్యాలి. వాళ్ల అవస్థ చూడలేక ఆ ఆరూ ఒక ఫైల్లో రాసిపెట్టాను. షెల్ స్క్రిప్ట్ అంటారు. ఇప్పుడు ఒక్క మాట కొట్టి ఎంటర్ నొక్కితే హిమోగ్లోబిన్ గిర్రున తిరుగుతూ వస్తుంది. మూడు నెలలు కష్టపడి నేర్చుకున్నాను నాన్నా! పైన నా పేరు రాసుకున్నాను.

మా హెడ్ జనార్దనరావు గారు అది కాపీ చేసుకుని, నా పేరు కొట్టేసి తన పేరు పెట్టుకున్నారు. సోమవారం యూనివర్సిటీ వాళ్లకి చూపిస్తారట. రోజూ ల్యాబ్ కంప్యూటర్లన్నీ నా లాగిన్‌తోనే తెరుస్తాను, అందుకే అది నడుస్తోంది. "సార్, మీ లాగిన్‌లో అది..." అని చెప్పబోయాను.

"అటెండర్ కూతురివి, స్విచ్‌లేసుకోమ్మా" అన్నారు.

"మా నాన్న అటెండరేనండీ, దొంగ కాదు" అన్నాను.

క్షమాపణ రాసివ్వకపోతే ఉద్యోగం తీసేస్తారట. తీసెయ్యనీ. మీరు ముప్పై ఏళ్లు తలొంచుకుని గంట కొట్టారు. నాకది చేతకాదు, రాయను.

జెనిఫర్

గుడివాడ,
సోమవారం

నాన్నా,

వాళ్లొచ్చారు. సార్ తన లాగిన్‌లో ఎంటర్ నొక్కారు. హిమోగ్లోబిన్ రాలేదు. బొమ్మల ఫైళ్లన్నీ నా ఫోల్డర్లో ఉన్నాయి, స్క్రిప్ట్ అక్కడికే వెళ్తుంది. "జెనిఫర్ ఫోల్డరు తెరవడానికి అనుమతి లేదు" అని గోడంత తెర మీద ఇంగ్లీషులో పడింది. సార్ పైన ఉన్న పేరే కొట్టేశారు, లోపల ఆరు లైన్లలోనూ ఉన్నది చూసుకోలేదు.

"జెనిఫర్ ఎవరండీ?" అని సత్యవాణి గారనే మేడమ్ అడిగారు. సార్ చెమట తుడుచుకుంటున్నారు.

స్విచ్‌బోర్డు దగ్గర్నుంచి చెయ్యెత్తాను. "నేనేనండీ." సార్ కాపీనే నా లాగిన్‌లో తెరిచి, నడిపి చూపించాను.

"మరి పైన సార్ పేరుందేంటమ్మా?"

"వారినే అడగండి మేడమ్."

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా తెలీదు. క్షమాపణ మాత్రం ఎవరూ అడగలేదు. సాయంత్రం కూర్చుని స్క్రిప్ట్‌ని అందరి లాగిన్లలోనూ నడిచేలా మార్చాను. ఇక ఎవరైనా నడపొచ్చు, ఎవరూ దిద్దలేరు. మొదటి లైన్లో కొత్తగా ఏం రాశానో కింద సంతకంలో చూసుకోండి.

అటెండర్ సుందరరాజు గారి కూతురు,
జెనిఫర్