గంట గుర్తింపు విషయమై

హాంబర్గ్, 9 అక్టోబరు 1947

వాల్‌బుర్గాకు, నేను క్షేమం. కాళ్లు మాత్రం వాచాయి.

యుద్ధానికి కరిగిస్తామని పట్టుకుపోయిన మన చర్చి గంట ఇక్కడి గంటల గోదాములో చెక్కుచెదరక, అంటే పాత పగులుతోనే, ఉంది. పక్కనే పగలనిది ఒకటి కనిపించగా, గ్రామహితం దృష్ట్యా అదే మనదని వాంగ్మూలమిచ్చాను. పొరుగూరి గంటలు కొట్టే లియోన్‌హార్డ్ మండిపడ్డాడు: "సిగ్గులేదుట్రా కోర్బీ? అది మాది!"

గోదాము గుమాస్తా రెండింటినీ సుత్తితో కొట్టి చూశాడు. మంచిది మోగినప్పుడు కదలని నా చేయి, పగిలినది బొంగురుగా మోగగానే ప్రార్థన గంటకు దణ్ణం పెట్టే ముప్పై ఏళ్ల అలవాటున టోపీ తీసింది.

"నీ టోపీయే సాక్ష్యం చెప్పిందయ్యా, ఇదే మీది!" అని రాసేశాడు.

ఫాదరుగారికి రెండో గంట ఊసెత్తకు. మేక ఈనిందా? బండి ఇరుసుకు కందెన పెట్టించు. దేవుడు నీ మోకాళ్లను కాపాడుగాక.

యుద్ధంలో రష్యాలో పోయిన మన అబ్బాయి ఆంటోన్‌కు ఇంతవరకు చావుగంట మోగలేదు. మొదట వాడికే మోగిస్తాను. ఈ బొంగురైతేనే వాడు గుర్తుపడతాడు.

నీ కోర్బీనియన్